రుమాలు కొసన ముడి

మా ఇంట్లో ఒట్లు పెట్టం.

ఈ కట్టుబాటు మా అమ్మమ్మది. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. నాన్నగారిది ఆనకట్టల మీద ఉద్యోగం. ఒక ప్రాజెక్టు క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి సామాను సర్దుకోవడంతోనే నా చిన్నతనం గడిచిపోయింది. బడి ఉన్నచోట మేం ఉండేవాళ్ళం కాదు, మేం ఉన్నచోట బడి ఉండేది కాదు. అందుకని అక్షరాలూ, ఎక్కాలూ, పద్యాలూ, దేవుడి ముందు ఎలా కూర్చోవాలో, ఏం అడగాలో, ఏం అడగకూడదో అన్నీ అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాను. తరవాత పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి రాశాను. నలుగురితో వరసలో నిలబడటం, యూనిఫాం వేసుకోవడం, గంట కొడితే లేవడం, ఇవేవీ నాకు తెలియవు. అందుకు ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. అలాంటి గురువు ఇంట్లోనే దొరికినందుకు ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆవిణ్ణి ఒకసారి తలుచుకుంటాను.

ఎక్కాల కంటే ముందు అమ్మమ్మ నేర్పిన పాఠం ఇది: "ఒట్టేసి చెప్పావంటే, ఒట్టు లేకుండా చెప్పినవన్నీ నమ్మక్కర్లేదని నువ్వే ఒప్పుకున్నట్టు. సరే అన్నావా, సరే. దానికి తోక ఎందుకు?"

అదే పాఠం నా కూతురికీ చెప్పాను. దానికి పదేళ్ళు. బడిలో పిల్లలంతా మాట్లాడితే 'గాడ్ ప్రామిస్', 'మదర్ ప్రామిస్' అంటారు. ఇది మాత్రం "చెప్పాను కదా, చాలు" అని ఊరుకుంటుంది. ఊరుకుంటే బడిలో స్నేహాలు పెరగవు. దానికి తోడు బాచుపల్లి నుంచి మణికొండకి మారాం, బడి మారింది. పక్క ఫ్లాటు వాళ్ళని లిఫ్టులో తప్ప చూడని చోటు ఇది. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని కింద ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి రావడం చూస్తూ ఉండేది. "ఏమే, కిందకెళ్ళి ఆడుకో" అంటే, "ఎవరితో?" అనేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ జవాబు లిఫ్టులోనే దొరికింది.

ఒక శనివారం లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మా అమ్మాయి, కూరగాయల సంచితో ఒక పెద్దావిడ, మా పై అంతస్తులో ఉండే నర్సమ్మగారి కూతురు. ఆ పిల్లది మా దాని ఈడే. నీలం యూనిఫాం, మెడలో మడత పెట్టి కట్టుకున్న రుమాలు. పెద్దావిడ తలుపు బాదుతూ కేకలు వేస్తుంటే ఆ పిల్ల, "కూర్చోండి ఆంటీ, అరిస్తే ఆయాసం వస్తుంది. నేను బెల్లు నొక్కుతూనే ఉంటాను" అని ఆవిణ్ణి కింద కూర్చోబెట్టిందట. తరవాత సంచిలోంచి చిక్కుడుకాయలు తీసి, "ఖాళీగా ఎందుకు, ఈనెలు తీద్దాం" అందట. మెకానిక్ వచ్చి తలుపు తెరిచేసరికి ముగ్గురూ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

మా అమ్మాయి ఇంట్లోకి వస్తూనే, "అమ్మా, నేనూ ఆ రుమాలు కట్టుకుంటాను" అంది.

ఏ దారిలో ఎవరిని పంపాలో స్వామికి తెలిసినంత మనకి తెలియదు. ఒక్కోసారి లిఫ్టులు ఆపి మరీ మనుషుల్ని కలుపుతాడు కాబోలు అనుకుని, దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రుమాలు స్కౌట్స్ అండ్ గైడ్స్ వాళ్ళది. గచ్చిబౌలిలో అద్దాల మేడల వెనక ఒక బడి వాళ్ళ మైదానంలో ప్రతి ఆదివారం సాయంత్రం కలుస్తారు. నడిపేది ఒక రిటైరైన వ్యాయామం టీచరుగారు. పిల్లలు ఆవిణ్ణి కెప్టెన్ మేడం అంటారు. స్కూటీ మీద జెండా కర్ర అడ్డంగా కట్టుకుని వస్తారు. మొదటి ఆదివారం మేం నలుగురం వెళ్ళాం. మావారు, నేను, అమ్మాయి, "ఏమిటో చూద్దాం పదండి" అంటూ మడత కుర్చీతో సహా మా అత్తగారు.

"పిల్లని చేర్పిద్దామని వచ్చామండీ" అన్నారు మావారు. "ఎన్నింటికి దింపాలి, ఎన్నింటికి తీసుకెళ్ళాలి?"

కెప్టెన్ మేడం ఆయన్ని ఎగాదిగా చూశారు. "ట్యూషన్ గాదు సార్ ఇది, దింపి పోనీకి. పిల్లతోటి ఇంట్లకెళ్ళి ఎవరన్న నిలబడాలె. లేకపోతే బిడ్డ ఈడ నేర్చుకున్నది ఇంటికి పోయినంక ఎవరికి చెప్పుకోవాలె?"

"మాకు ఏమీ రాదు కదండీ" అన్నాను.

"జెండా కట్టే తాడు పట్టుకోవస్తదా? సాలు. మిగిలింది పిల్లలు నేర్పుతరు."

ఆ మాట నాకు నచ్చింది. నలభై దాటాక బడిలో చేరుతున్నట్టు అనిపించింది. భయం వెయ్యలేదు, సరదా వేసింది. మావారు తలూపారు. ఆయనకి ఆదివారం అంటే ల్యాప్‌టాప్ మూసే ఒక్క రోజు, అయినా తలూపారు.

కెప్టెన్ మేడం నవ్వుతూ ఎడమ చెయ్యి చాపారు. వాళ్ళలో ఎవరు ఎవరిని పలకరించినా ఎడమ చేత్తోనే చెయ్యి కలుపుతారు. మా అత్తగారు కుర్చీలోంచి సగం లేచారు.

"ఎడం చేత్తోనా? శుభమా అంటూ చేరుతుంటే ఎడం చెయ్యేమిటమ్మా, చోద్యం కాకపోతే!"

"గుండె ఈ పక్కనే ఉంటది కదమ్మా" అన్నారు కెప్టెన్ మేడం, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి.

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. "ఇందులో రెండూ ఉన్నాయి. మీకు కావలసింది తీసుకోండి."

మేడం పకపకా నవ్వారు. మేం చేరిపోయాం.

అక్కణ్ణుంచి మా ఆదివారాల తీరే మారిపోయింది. మా అమ్మాయి, నర్సమ్మగారి అమ్మాయి ఒకే జట్టు. ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. నేను తాళ్ళతో ముడులు వేయడం, జెండాను ఒక్క లాగుకి విచ్చుకునేలా మడవడం నేర్చుకున్నాను. మావారికి టెంటు మేకులు కొట్టడంలో ఎంత సంతోషం దొరికిందో చెప్పలేను. ఆఫీసులో ఆయన చేసే పని ఏదీ చేత్తో తాకి చూసేది కాదు. ఆ మేకు నేలలోకి దిగితే చాలు, మొహం వెలిగిపోయేది. అత్తగారు కుర్చీలో కూర్చుని ప్రతిదానికీ వ్యాఖ్యానం చెప్పేవారు. "ఆ కుర్రాడి ముడి చూడు, గేదె కూడా నవ్విపోతుంది" లాంటివి.

పిల్లలకి వాళ్ళు ఒక అలవాటు నేర్పుతారు. పొద్దున రుమాలు కొసన చిన్న ముడి వేసుకోవాలి. ఆ రోజు ఎవరికైనా ఒక మంచి పని చేశాక ఆ ముడి విప్పుకోవాలి. నాకు కొంగున ముడి వేసుకునే మా పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. కొత్త చోట పాత అలవాటు ఎదురైనందుకు ముచ్చటేసింది.

అయితే రుమాలు ఊరికే ఇవ్వరు. కొన్నాళ్ళు వచ్చాక, పిల్లలైనా పెద్దలైనా, అందరి ముందూ జెండా మీద ఎడమ చెయ్యి వేసి, దేవుడి పట్లా దేశం పట్లా నా పని నేను చేస్తాను, ఎదుటివాళ్ళకి ఎప్పుడూ సాయపడతాను అని ప్రమాణం చెయ్యాలి. అప్పుడే రుమాలు. రుమాలు ఉన్నవాళ్ళే శీతాకాలంలో వికారాబాద్ అడవిలో జరిగే క్యాంపుకి వెళ్ళగలరు. మా అమ్మాయి ఆ క్యాంపు గురించి నిద్రలో కూడా మాట్లాడేది. స్నేహితురాలూ, అదీ ఒకే టెంటులో పడుకోవాలని ఎప్పుడో నిర్ణయించుకున్నారు. టెంటులో ఏ పక్క ఎవరిదో కూడా తేలిపోయింది.

ప్రమాణం రోజు వచ్చింది. పిల్లలంతా గుర్రపు లాడం ఆకారంలో నిలబడ్డారు. ఆ ఖాళీ మధ్యలో జెండా. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. పెద్దవాళ్ళలో ముందు మావారు వెళ్ళి గడగడా చెప్పేసి రుమాలు వేయించుకుని వచ్చారు. నర్సమ్మగారి అమ్మాయి రుమాలు వేసుకుని చాలా రోజులైంది. అది లాడంలో తన పక్కన ఒక మనిషికి చోటు వదిలి, ఆ చోటుని ఎవరూ ఆక్రమించకుండా మోచేత్తో కాపలా కాస్తోంది.

మా అమ్మాయి జెండా దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పైకెత్తలేదు.

"చెప్పు బిడ్డా" అన్నారు మేడం.

"నేను చెప్పను మేడం."

ఫోన్లు కొంచెం కిందికి దిగాయి.

"ఏందిరా, భయమైతుందా?"

"భయం కాదు. మా ఇంట్లో ఒట్లు పెట్టం."

ఇన్ని వారాలుగా ఆ ప్రమాణం మాటలు దానిచేత వల్లె వేయించింది నేనే. ఒత్తులు సరిగ్గా పలుకుతోందా లేదా అని చూశానే తప్ప, ఆ మాటకి అర్థం ఏమిటో, మా ఇంటి కట్టుబాటుకి అది తగులుతుందో లేదో నాకు తట్టనే లేదు. దానికి తట్టింది.

"ఇది ఒట్టు గాదు తల్లీ. మాట" అన్నారు మేడం మెల్లగా.

"మాట తప్పితే?"

"మల్ల నిలబెట్టుకోవాలె."

"రోజూ చెయ్యగలనో లేదో నాకు తెలీదు మేడం. తెలీకుండా రోజూ చేస్తానని ఎలా చెప్పను? ముందు చేసి చూసుకుంటాను."

ఆవిడ కోప్పడతారేమో అనుకున్నాను. "మంచిది. చూస్కో. జెండాకేం తొందర లేదు" అన్నారు. తరవాత మోకాళ్ళ మీద వంగి, "గాని బిడ్డా, క్యాంపు పద్ధతి నీకు తెల్సు కదా? నీ ఒక్కదాని కోసం మారుస్తే మిగిలినోళ్ళకి నేనేం చెప్పాలె?" అన్నారు.

"తెలుసు మేడం." తల దించలేదు.

తరవాత నా పేరు పిలిచారు. నేను వెళ్ళి, "నాది కూడా వాయిదా వెయ్యండి మేడం. ఇది నా దగ్గర నేర్చుకున్నదే" అని చెప్పి, వెళ్ళి దాని పక్కన లాడం బయట నిలబడ్డాను. అంతమంది ముందు తలొంచుకోవాల్సిన పని ఏమీ చెయ్యలేదని నాకు గట్టిగా తెలుసు. ఆ తెలివి ఇచ్చిన అమ్మమ్మకి అక్కడే ఒక దణ్ణం పెట్టుకున్నాను. కానీ లాడంలో ఆ ఖాళీ చోటు పక్కన మోచెయ్యి మెల్లగా కిందికి దించుకున్న ఆ పిల్ల కనపడుతూనే ఉంది.

కారులో ముందు నోరు విప్పింది మావారు. "అంటే ఇందులో నేనొక్కణ్ణే ఇరుక్కున్నానా?"

"నీకేం, నువ్వు ఆఫీసులో రెండు వారాలకోసారి 'అయిపోతుంది, అయిపోతుంది' అని మాటిచ్చేవాడివేగా" అన్నారు అత్తగారు. "ఈ తల్లీకూతుళ్ళే హరిశ్చంద్రుడి చుట్టాలు. అంతమంది ముందు జెండాని నిలబెట్టేసి వచ్చారు."

మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫ్లైఓవర్ దిగాక నాతో అంది, "నువ్వే కదమ్మా చెప్పావు. ఇప్పుడు క్యాంపు పోయింది."

"ఇంకా పోలేదు. చేసి చూసుకుంటానన్నావుగా. చూద్దాం. నేనూ చూస్తాను."

మర్నాటి నుంచి అది మామూలు చేతిరుమాలు కొసన ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. నేను కొంగున వేసుకున్నాను. ఒకరికొకరం పోటీ. డెలివరీ అబ్బాయి రెండు చేతుల్లో సంచులతో వస్తుంటే లిఫ్టు తలుపు పట్టుకుని ఆపింది, ఒక ముడి పోయింది. నాలుగో అంతస్తు తాతగారికి మందు చీటీ మీద చిన్న అక్షరాలు చదివి పెట్టింది, ఇంకో ముడి. "కళ్ళజోడు వెతికిపెట్టవే, నీకో ముడి పోతుంది" అని అత్తగారు కావాలనే కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోవడం మొదలుపెట్టారు. రెండోసారికే అది కనిపెట్టేసింది. "నానమ్మా, నువ్వు కావాలని దాస్తే అది లెక్కలోకి రాదు."

ఆదివారాలు మాత్రం మానలేదు. మేమిద్దరం లాడం బయట, రుమాలు లేకుండా. నర్సమ్మగారి అమ్మాయి ఆట మధ్యలో పరిగెత్తుకుంటూ వచ్చి, "అయిందా? ఎప్పుడు చెప్తావు?" అని అడిగి వెళ్ళిపోయేది. ఒకసారి కాస్త కోపంగా కూడా అడిగింది. "మా ఇంట్లో కూడా ఒట్లు పెట్టరు. అయినా నేను ప్రమాణం చెయ్యలేదా? నీదే గొప్ప ఇల్లా?" క్యాంపుకి టెంట్లు పంచే రోజు దగ్గరపడుతోంది. ఆ పిల్ల ఇంకెవరితోనో కలవాల్సి వస్తుంది.

ఇంతలో దానికి జ్వరం వచ్చింది. రోజంతా ముసుగుతన్ని పడుకుంది. సాయంత్రం జావ తాగిద్దామని లేపితే, తలగడ కింద నుంచి చేతిరుమాలు తీసి నా ముందు పెట్టింది. ముడి అలాగే ఉంది.

"చూశావా? నేను ప్రమాణం చేసి ఉంటే ఈపాటికి అబద్ధం అయిపోయేది."

"జ్వరంలో ఎవరు చెయ్యగలరే..."

"జ్వరంలో చెయ్యనక్కర్లేదని ప్రమాణంలో ఉందా?"

లేదు. అమ్మమ్మ నాకు చాలా చెప్పింది, కానీ ఇచ్చిన మాట ఒక రోజు జారిపోతే ఆ మాట ఏమవుతుందో చెప్పలేదు. బహుశా నేనెప్పుడూ అడగలేదు. జావ గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను. అది మొహం గోడవైపు తిప్పుకుని, "టెంటులో నా చోటు ఇంకెవరికైనా ఇమ్మని చెప్పెయ్యి" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

దేవుడి గదిలో దీపం పెడుతున్న అత్తగారు ఇదంతా విన్నారు. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. చేతిలో చిన్న పసుపు గుడ్డ మూట. వెంకటేశ్వరస్వామి పటం వెనక అది ఎప్పుడూ ఉండేదే. ప్రతి శుక్రవారం పటం తుడుస్తూ దాన్ని తీసి మళ్ళీ పెడుతూ ఉంటాను. ఏదో ముడుపు అని తెలుసు, దేనికి కట్టారో అడగలేదు. మొక్కుల సంగతి ఎవరూ ఎవర్నీ అడగరు.

"ఇదేమిటో తెలుసా?" అన్నారు మనవరాలితో.

"ముడుపు. లోపల రూపాయి ఉంటుంది."

"ఎందుకు కట్టానో తెలుసా? నువ్వు నెలలు నిండకుండా పుట్టేశావు. దవాఖానాలో నిన్ను అద్దాల పెట్టెలో పెట్టారు. నా అరచెయ్యంత ఉన్నావు. మీ అమ్మ ఒక గదిలో, నువ్వో గదిలో. మీ నాన్న ఆ రెండు గదుల మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. నేనేం చెయ్యగలను? ఈ పసుపు గుడ్డలో రూపాయి కట్టి, పిల్ల క్షేమంగా ఇంటికొస్తే నీ కొండ మెట్లెక్కి వస్తానయ్యా అన్నాను."

నేను విన్నది అదే మొదటిసారి. చేతిలో గిన్నె మంచం మీద పెట్టాను.

"నేను వచ్చానుగా" అంది మా అమ్మాయి.

"వచ్చావు. రాకేం, మమ్మల్నందరినీ కోర్టులో నిలబెట్టడానికి వచ్చావు. కానీ నువ్వొచ్చే వేళకి నా మోకాళ్ళు పోయాయి. ఈ ఏడు, పై ఏడు అంటూనే ఉన్నాను. ఎక్కలేదు."

మా అమ్మాయి లేచి కూర్చుంది. "అంటే పదేళ్ళ నుంచీ నువ్వు మాట తప్పినట్టేనా నానమ్మా?"

నేను దాని భుజం పట్టుకోబోయాను. అత్తగారు చెయ్యెత్తి వారించారు. ఆవిడకి కోపం రాలేదు. ఆ ప్రశ్న తనని తాను ఎన్నోసార్లు వేసుకున్న మనిషిలా ఉన్నారు.

"ఈ ముడి విప్పేసి రూపాయి తీసుకెళ్ళి కొత్తిమీర కొనుక్కుంటే తప్పినట్టు. ముడి ఉందా లేదా? రోజూ దీపం పెట్టేటప్పుడు కనపడుతూనే ఉంటుంది. స్వామీ, మర్చిపోలేదయ్యా అంటూనే ఉంటాను. ముడి ఉన్నంతవరకు మాట తప్పినట్టు కాదే పిచ్చిదానా. ఇంకా దారిలో ఉన్నట్టు."

మా అమ్మాయి పసుపు మూటని, తన చేతిరుమాలుని పక్కపక్కన పెట్టి చూసింది. చేతిరుమాలు ముడి గట్టిగానే ఉంది. దాన్ని విప్పకుండా, రెండో కొసన ఇంకో ముడి వేసింది.

"రేపటిది" అంది. "రేపు రెండు చేస్తాను."

తరవాత జావ తాగింది.

నేను దేవుడి గదిలోకి వెళ్ళాను. నేను రోజూ పూజకి ముందు చెప్పుకునే సంకల్పంలో, నా శక్తి కొద్దీ చేస్తాను అని ఒక మాట ఉంటుంది. అమ్మమ్మే నేర్పింది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఆ మాట ఇస్తూనే ఉన్నాను. కొన్ని రోజులు పూలు ఉండవు, కొన్ని రోజులు నైవేద్యం బెల్లం ముక్కతో సరి, కొన్ని రోజులు మనసే ఉండదు. ఒక్కనాడూ అది అబద్ధమని నాకు అనిపించలేదు. ఒట్టు మనల్ని నమ్మని మనిషికి పెడతాం. మొక్కు, మనం ఏపాటి వాళ్ళమో ముందే తెలిసినవాడికి మొక్కుతాం. ఈ రెండింటికీ తేడా ఇంట్లోనే, పటం వెనకే ఉంది. వారం వారం తుడిచి పెడుతున్నాను. చూపించడానికి అత్తగారు కావలసి వచ్చారు. ఆవిడ నాకు అత్తగారైనందుకు ఆ సాయంత్రం పటం ముందు కూర్చుని చాలాసేపు కృతజ్ఞత చెప్పుకున్నాను.

మరుసటి ఆదివారం మా అమ్మాయి మైదానంలోకి అడుగుపెడుతూనే కెప్టెన్ మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, ఇవాళ చెప్తాను."

"ఏమైంది? రోజూ చేసినవా?"

"లేదు మేడం. జ్వరం వచ్చిన రోజు చెయ్యలేదు. ఇంకో రోజు మర్చిపోయాను. కానీ ముడి విప్పలేదు."

ఆవిడకి పసుపు మూట సంగతి తెలియదు. అయినా ఆ జవాబు చాలినట్టు తలూపారు. "గంతే బిడ్డా. ఇన్నేండ్లు నేను చెప్పేది గదే. జర నా కంటె మంచిగ చెప్పినవ్."

పిల్లలు లాడంలా నిలబడ్డారు. ఈసారి ఫోన్లు పైకెత్తినవాళ్ళు తక్కువ. అద్దాల మేడల మీద సాయంత్రపు ఎండ పడి మైదానమంతా ఎర్రగా ఉంది. మా అమ్మాయి జెండా మీద ఎడమ చెయ్యి వేసింది. కుడి చెయ్యి మూడు వేళ్ళతో పైకెత్తింది. మాటలు ఒక్కొక్కటీ ఆగి ఆగి చెప్పింది. వల్లె వేసినట్టు కాదు, మెట్టు తరవాత మెట్టు చూసుకుంటూ ఎక్కుతున్నట్టు. మేడం రుమాలు మెడలో వేసి ఎడమ చెయ్యి కలిపారు. లాడంలో నర్సమ్మగారి అమ్మాయి జరిగి చోటిచ్చింది. "మూడు వారాల నుంచి ఈ చోటు మొయ్యలేక చస్తున్నాను" అనడం నాకు స్పష్టంగా వినపడింది.

తరవాత నేను వెళ్ళాను. జన్మలో ఏ వరసలోనూ నిలబడని నేను, కొత్త నీలం చీర కట్టుకుని, అంతమంది పిల్లల ముందు, గొంతు తడబడకుండా మాట ఇచ్చాను. నా పక్కన అమ్మమ్మ కూడా నిలబడినట్టే అనిపించింది. వద్దనలేదు.

ఇంటికి బయల్దేరబోతుంటే మా అమ్మాయి కుర్చీ మడతపెడుతున్న నానమ్మ దగ్గరికి వెళ్ళి, కొత్త రుమాలు కొసన ముడి వేసి చూపించింది.

"నానమ్మా, నీ మెట్లు నేను ఎక్కుతాను. నువ్వు బస్సులో రా. పైన కలుసుకుందాం."

"మొక్కింది నేనే! నువ్వెక్కితే ఆయన ఒప్పుకుంటాడా?"

"పిల్ల క్షేమంగా ఇంటికొస్తే అన్నావుగా. ఆ పిల్లనే నేను. నేనే నడిచి వెళ్ళి, ఇదిగో వచ్చాను అని చెప్తే ఇంకేం కావాలి ఆయనకి?"

మా అత్తగారు కుర్చీ మడతపెట్టడం ఆపేశారు. ఆవిడ రుమాలు కొసని వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు చూసి, "మీ అమ్మని కూడా తీసుకెళ్ళు. ఒక్కదానివే వద్దు" అన్నారు.

క్యాంపు అయిపోయింది. ఒకే టెంటులో పడుకున్నారు. ఏ పక్క ఎవరిదన్న దాని మీద మొదటి రోజే దెబ్బలాడుకున్నారట. ఎండాకాలం సెలవుల్లో కొండకి వెళ్ళాలని అనుకుంటున్నాం. పసుపు మూట ఇంకా పటం వెనకే ఉంది. ప్రస్తుతానికి నేనూ అమ్మాయీ పొద్దున పాల ప్యాకెట్టుకి కిందికి దిగి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగానే పైకి వస్తున్నాం. కాళ్ళకి అలవాటు కావాలి కదా. మాతోపాటు కిందికి వచ్చిన అత్తగారు లిఫ్టులో మాకంటే ముందే మా అంతస్తు చేరుకుని, గుమ్మం ముందు నిలబడి, మెట్ల సందులోంచి కిందికి వంగి కేకేస్తారు.

"ఎక్కడే? ఇంకా దారిలోనేనా?"

"దారిలోనే నానమ్మా!" అని కింద నుంచి మా అమ్మాయి గొంతు. దాని వెనక ఆయాసపడుతూ నేను.